కృప, నిబంధన: తెలుగు బైబిలులో యూదు మూలాల జాడలు, గోదావరి డెల్టాలో వాటి పఠనం

తెలుగు క్రైస్తవ పరిభాషపై జరిగిన పరిశోధన ఎక్కువగా మిషనరీల జీవితచరిత్రలకు, అచ్చు చరిత్రకు, కీర్తన సాహిత్యానికి పరిమితమైంది. ఆ పరిభాషలోని ఒక్కొక్క పదం ఏ మూలం నుంచి ఏ దారిలో తెలుగుకు చేరింది, చేరిన తరువాత ఏమి నిలుపుకొంది, ఏమి పోగొట్టుకొంది అన్న ప్రశ్నకు అంత శ్రద్ధ దక్కలేదు. ఈ వ్యాసం అటువంటి రెండు పదాలను తీసుకొంటుంది: కృప, నిబంధన. క్రైస్తవ బోధకు ఈ రెండూ మూలస్తంభాలు. బైబిలు రెండు భాగాలకు పేర్లే 'పాత నిబంధన', 'క్రొత్త నిబంధన'. 'కృప' అనే మాట వాడుకలో మతసూచకంగా కూడా మారింది. క్షేమం అడిగినప్పుడు 'దేవుడి దయవల్ల బాగున్నాం' అనే ఇల్లు ఒకటైతే, 'దేవుని కృపనుబట్టి బాగున్నాం' అనే ఇల్లు మరొకటి. ఒక్క పదం మార్పుతో వినేవారికి ఆ ఇంటి మతం తెలిసిపోతుంది.

పాత నిబంధన ధర్మశాస్త్రానికి సంబంధించినదనీ, కృప క్రొత్త నిబంధనతోనే వచ్చిందనీ తెలుగు క్రైస్తవ ప్రసంగాల్లో తరచు వినిపించే విభజన. యూదు మతం క్రియలతో దేవుని మెప్పు సంపాదించుకొనే మతమన్న అభిప్రాయం దీనికి తోడవుతుంది. తెలుగు బైబిలును పదం వెంట పదం పరిశీలిస్తే ఈ విభజన నిలవదు. కృపను, నిబంధనను జంటగా చెప్పినది హీబ్రూ గ్రంథమే. ఆ సంగతిని ఆంగ్ల పాఠం కన్నా తెలుగు పాఠమే కొన్నిచోట్ల స్పష్టంగా చూపుతుంది. తెలుగు పాఠం దాన్ని మరుగుపరచిన చోట్లు కూడా ఉన్నాయి. ఈ రెండు పార్శ్వాలను పరిశీలించి, అత్తిలి పరిసరాల్లో కలుసుకొన్న మూడు మిషను సంప్రదాయాలు ఈ పదాలను ఎలా చదివాయో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇక్కడ తెలుగు బైబిలు అంటే భారత బైబిల్ సంఘం ప్రచురిస్తున్న, ప్రొటెస్టెంటు సంఘాల్లో వాడుకలో ఉన్న పాత అనువాదం.

హీబ్రూలో మూలార్థాలు

తెలుగులో కృప అని వచ్చేచోట హీబ్రూలో ప్రధానంగా రెండు పదాలుంటాయి. ఒకటి 'హేన్'. పైవాని చూపులో కిందివానికి దొరికే ఆదరణ దాని అర్థం. ఆదికాండం 6:8లో నోవహు పొందినది ఇదే. తెలుగు అనువాదం దాన్ని కృప అంటుంది. రెండవది 'హెసెద్'. ఇది మరింత లోతైన పదం. ఇప్పటికే ఉన్న ఒక బంధాన్ని నిలబెట్టడానికి చేసే మేలు, ఆ మేలులో కనిపించే స్థిరత్వం రెండూ దీనిలో ఉన్నాయి. నెల్సన్ గ్లూక్ 1927 నాటి పరిశోధన గ్రంథంలో హెసెద్‌ను పరస్పర బాధ్యతతో ముడిపెట్టాడు. క్యాథరిన్ డూబ్ సేకెన్‌ఫెల్డ్ 1978లో ఈ నిర్ణయాన్ని సవరించింది: బంధం ఉన్నమాట నిజమే, కాని బలవంతుడు ఆపదలో ఉన్నవానికి చేసే ఆ మేలును ఏ చట్టమూ అతనిచేత చేయించలేదు, చేయకుండా ఉండే స్వేచ్ఛ ఉండీ చేయడమే హెసెద్ అన్నది ఆమె వాదం. ఇద్దరి మధ్య భేదం ఎంత ఉన్నా, హెసెద్ సంబంధం లేనిచోట పుట్టే జాలి కాదన్న విషయంలో ఏకీభావం ఉంది.

'బెరీత్' అంటే ఒడంబడిక. హీబ్రూ నుడికారంలో బెరీత్‌ను 'కోస్తారు'. బలిపశువును రెండుగా ఖండించి ప్రమాణం చేసే ఆచారానికి అది గుర్తు. ఆదికాండం 15వ అధ్యాయంలో అబ్రాహాముతో జరిగిన నిబంధన ఆ రూపంలోనే ఉంటుంది. అక్కడ ఖండాల నడుమ నడిచినది దేవుని గుర్తైన పొగ, అగ్ని మాత్రమే. అబ్రాహాము గాఢనిద్రలో ఉన్నాడు. ప్రమాణభారం ఒకవైపే ఉన్న నిబంధన ఇది. సీనాయి నిబంధన స్వరూపం వేరు. హిత్తీయ చక్రవర్తులు సామంతులతో చేసుకొన్న ఒప్పందాలకు, దీనికి ఉన్న పోలికలను జార్జ్ మెండెన్‌హాల్ 1954లో చూపించాడు. ఆ ఒప్పందాల్లో మొదట చక్రవర్తి పేరు, తరువాత అతడు సామంతునికి ఇదివరకు చేసిన మేళ్ల కథనం, ఆ తరువాతే విధులు, చివర సాక్షులు, దీవెనలు, శాపాలు వస్తాయి. నిర్గమకాండం 20వ అధ్యాయంలో క్రమం కూడా ఇదే. పది ఆజ్ఞలకు ముందు ఐగుప్తు దాస్యం నుంచి విడిపించిన దేవుడనన్న పరిచయం ఉంది. విడుదల ముందు, విధి తరువాత. ఆజ్ఞలు పాటించినందుకు ప్రతిఫలంగా విడుదల రాలేదు.

ద్వితీయోపదేశకాండం ఈ సంగతిని వాదరూపంలో చెబుతుంది. ఇశ్రాయేలు ఎన్నిక సంఖ్యాబలం వల్ల కాదని 7వ అధ్యాయం, నీతి వల్ల కాదని 9వ అధ్యాయం స్పష్టం చేస్తాయి. 7:9లో బెరీత్, హెసెద్ పక్కపక్కనే నిలుస్తాయి. తెలుగు అనువాదం కూడా ఆ రెంటినీ నిబంధన, కృప అని పక్కపక్కనే నిలుపుతుంది. యెషయా 54:10లోనూ అంతే. కృప, నిబంధన అనే ఈ జంట యూదు గ్రంథపు జంట. యిర్మీయా 31వ అధ్యాయంలోని 'క్రొత్త నిబంధన' అనే పదబంధం కూడా క్రైస్తవానికి ఆరు శతాబ్దాల ముందరిది. క్రైస్తవులు తమ గ్రంథభాగానికి పెట్టుకొన్న పేరు యూదు ప్రవక్త నోటి మాట.

గ్రీకు మజిలీ

ఈ పదాలు క్రొత్త నిబంధనలోకి నేరుగా రాలేదు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్ది నుంచి అలెగ్జాండ్రియా యూదులు చేసిన గ్రీకు అనువాదం, అంటే సెప్టువజింటు, మధ్యలో ఉంది. ఆ అనువాదకులు హేన్‌ను 'ఖారిస్' అన్నారు. హెసెద్‌ను ఎక్కువగా 'ఎలెయోస్' అన్నారు. అది కనికరానికి దగ్గరి మాట. బెరీత్‌కు ఇద్దరు సమానుల ఒప్పందాన్ని సూచించే 'సుంథేకే'ను తీసుకోకుండా 'దియథేకే'ను ఎన్నుకొన్నారు. దియథేకే అంటే ఒకరు తమ ఇష్టప్రకారం చేసే ఏర్పాటు. లోకవ్యవహారంలో వీలునామాకు కూడా ఆ పేరే. నిబంధనను నిర్ణయించేది దేవుడే అన్న భావం ఆ ఎంపికలో ఉంది. అపొస్తలుడైన పౌలు రాసినది ఈ గ్రీకులోనే. అందుచేత అతని 'ఖారిస్'లో పైకి వినిపించేది హేన్ అయినా, నిబంధనను విడువని హెసెద్ భావం కూడా దానిలో చేరింది.

పౌలు సమకాలిక యూదులు కృపను ఎరగరా? 1947 నుంచి కుమ్రాను గుహల్లో బయటపడిన స్తోత్రగీతాలు మానవుని నిస్సహాయతను, దేవుని హెసెద్ ఒక్కటే ఆధారమన్న నమ్మకాన్ని పదేపదే పలుకుతాయి. కైరో సమాజమందిరపు గ్రంథపేటిక నుంచి తెచ్చి సాలొమన్ షెక్టర్ 1910లో ప్రచురించిన దమస్కు పత్రంలో ఒక యూదు వర్గం తననుతాను 'క్రొత్త నిబంధన'లో చేరిన సమాజంగా చెప్పుకొంది. మిష్నాలోని బెరాఖోత్ ప్రకరణం, దేవుని రాజ్యపు కాడిని ముందు, ఆజ్ఞల కాడిని తరువాత ఎత్తుకోవాలని క్రమం నిర్ణయించింది. నిర్గమకాండపు క్రమమే ఇది. ఇటువంటి ఆధారాలను సమీకరించి ఇ.పి. శాండర్స్ 1977లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు: ఆ కాలపు యూదు మతంలో నిబంధనలోకి ప్రవేశం కృపవల్ల, ఆజ్ఞాపాలన ఆ నిబంధనలో నిలిచి ఉండటానికి. జేమ్స్ డన్ 1982లో దీన్ని పౌలు అధ్యయనానికి అన్వయించాడు. జాన్ బార్‌క్లే 2015లో ఒక అవసరమైన సవరణ చేశాడు: కృప అంతటా ఉన్నా, అంతటా ఒకే అర్థంలో లేదు. పౌలు ప్రత్యేకత కృపను చెప్పడంలో లేదు. పాత్రాపాత్ర విచారణ లేని కృపను అన్యజనులకు అన్వయించడంలో ఉంది. ఈ సవరణను కలుపుకొంటే గాని శాండర్స్ సిద్ధాంతం పూర్తి కాదు. అంటే భేదం యూదు మతానికి, కృపకు మధ్య లేదు. కృప ఎవరిదాకా చేరుతుందన్న యూదు చర్చలో పౌలు ఒక పక్షం.

తెలుగులో 'కృప'

తెలుగు బైబిలు చరిత్ర బెంజమిన్ షుల్జ్‌తో మొదలవుతుంది. హాలే నుంచి వచ్చిన ఈ జర్మన్ మిషనరీ 1720ల చివర, 1730ల తొలినాళ్లలో బైబిలును తెనిగించాడు. ఆ అనువాదం అప్పట్లో అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీవారు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ ఆనందరాయర్ సహాయంతో పని మొదలుపెట్టారు. ఆ కృషి ఫలితంగా 1812లో శ్రీరాంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యాయి. తరువాత ప్రిచెట్, గోర్డన్, హే మొదలైనవారి చేతుల మీదుగా, పేర్లు నమోదు కాని తెలుగు పండితుల శ్రమతో, పాఠం నేటి రూపానికి చేరింది.

ఈ పాఠంలో హేన్, హెసెద్, ఖారిస్ మూడింటికీ 'కృప' వాడుకలో ఉంది. 136వ కీర్తనలోని 26 వచనాల్లోనూ పల్లవిగా వచ్చే హెసెద్‌కు కృప; ఎఫెసీయులకు రాసిన పత్రిక 2:8లోని ఖారిస్‌కు కూడా కృపే. ఆంగ్లంలో 1611 నాటి రాజానువాదం మొదటిచోట ఒక పదం, రెండవచోట వేరొక పదం వాడింది. దానితో ఆంగ్ల పాఠకునికి కీర్తనకారుని కృప, పౌలు కృప రెండు వేర్వేరు వస్తువులుగా తోచే అవకాశం ఉంది. తెలుగు పాఠకునికి ఆ తెర లేదు.

దీనికి అత్యుత్తమ నిదర్శనం 'కృపాసత్యములు' అన్న ద్వంద్వ సమాసం. నిర్గమకాండం 34:6లో దేవుడు మోషేకు తన గుణాలను వెల్లడిస్తాడు. యూదులు 'పదమూడు గుణాలు'గా లెక్కించి ప్రాయశ్చిత్త దినాన నేటికీ ప్రార్థనలో పఠించే వాక్యం అది. అక్కడి 'హెసెద్, ఎమెత్' జంటకు తెలుగు 'కృపాసత్యములు'. యోహాను సువార్త 1:14లో అవతరించిన వాక్యాన్ని వర్ణించే 'ఖారిస్, అలేథెయ' జంటకు కూడా తెలుగు 'కృపాసత్య' పదాన్నే వాడుతుంది. యోహాను ఇక్కడ సీనాయి వాక్యాన్నే తలుస్తున్నాడని బైబిలు పండితుల్లో చాలామంది అభిప్రాయం. సెప్టువజింటులో ఆ చోట ఖారిస్ లేదు. ఆంగ్ల రాజానువాదంలో రెండుచోట్లా ఒకే జంట లేదు. తెలుగు అనువాదం మాత్రం గ్రీకు మజిలీని దాటి హీబ్రూ ధ్వనిని తిరిగి వినిపించింది. అనువాదకులు తెలిసే చేశారా అన్నది వేరే ప్రశ్న. పాఠం మాత్రం సాక్ష్యంగా ఉంది.

ఆ వెంటనే వచ్చే 1:17 మరింత ఆసక్తికరం. మోషేద్వారా ధర్మశాస్త్రం వచ్చిందని, క్రీస్తుద్వారా కృపాసత్యాలు వచ్చాయని చెప్పే వచనమిది. రాజానువాదం రెంటి నడుమ గ్రీకులో లేని ప్రతిషేధాన్ని చేర్చింది. తెలుగు చేర్చలేదు. పైగా ధర్మశాస్త్రం 'ఇయ్యబడెను' అనకుండా 'అనుగ్రహింపబడెను' అంది. అనుగ్రహం కృపకు పర్యాయం. ధర్మశాస్త్రం కూడా అనుగ్రహమే అన్న యూదు విశ్వాసం ఒక్క క్రియాపదంలో తెలుగులోకి వచ్చింది. ముందు వచనంలోని, కృప వెంట కృప అన్న భావానికి ఇది చక్కగా అతుకుతుంది: మొదటి కృప తోరా, రెండవ కృప క్రీస్తు.

పోగొట్టుకొన్నది కూడా చూడాలి. హెసెద్ మనుషుల మధ్య జరిగినప్పుడు తెలుగులో అది కృప కాదు. రూతు 1:8లో 'దయ', 3:10లో 'సత్‌ప్రవర్తన', మెఫీబోషెతు కథలో (2 సమూయేలు 9) 'ఉపకారము'. ప్రవక్తలు మనుషుల నుంచి కోరిన హెసెద్ హోషేయ 6:6లో, మీకా 6:8లో 'కనికరము'. కృప దేవునికే ప్రత్యేకమైంది. తెలుగులో కృప పైనుంచి కిందికి పారేది, కిందివాడు చేయదగినది కాదు గనుక ఈ విభజన సహజమే. కాని దీనితో ఒక బంధం తెగిపోయింది. విధవరాలైన అత్తను విడువని రూతు చేసినదీ, ఇశ్రాయేలును విడువని దేవుడు చేసినదీ హీబ్రూలో ఒకే మాట. దేవుని హెసెద్ పొందినవారు తోటివారికి హెసెద్ చేయాలన్న నీతి ఆ ఒక్క పదంలోనే ఉంది. తెలుగు పాఠకునికి అది రెండు మాటలుగా విడిపోయింది.

'కృప' తెలుగులోకి ఖాళీగా రాలేదన్నదీ గుర్తుంచుకోవాలి. శ్రీవైష్ణవంలో కృప శతాబ్దాల చర్చకు కేంద్రం. భగవంతుని కృప నిర్హేతుకమని పిళ్లై లోకాచార్యుల మార్గం. జీవుని వైపు నుంచి ఒక వ్యాజమైనా ఉండాలని వేదాంతదేశికుల మార్గం. మార్జాలకిశోర న్యాయం, మర్కటకిశోర న్యాయం అన్న ప్రసిద్ధ దృష్టాంతాలు ఈ చర్చ నుంచి వచ్చినవే. అన్నమాచార్యుల కాలానికి ఈ పరిభాష తెలుగు భక్తిలో స్థిరపడింది. కాబట్టి విశ్వాసం, క్రియ, కృప అన్న పౌలు చర్చ తెలుగు చదువరికి పూర్తిగా కొత్త ప్రశ్న కాదు. పోలిక ఉంది గదా అని ఒకటి మరొకదానికి మూలమనుకోరాదు. భేదం కూడా స్పష్టం: శ్రీవైష్ణవ చర్చలో కృపకు ఆధారం శేషశేషి భావం, అంటే జీవుడు స్వరూపతః భగవంతునికి చెందినవాడన్న సత్యం. హెసెద్‌కు ఆధారం చరిత్రలో ఒక జనంతో ఒకానొకప్పుడు జరిగిన ప్రమాణం. 'కృప' అనే పదం మొదటి భావాన్ని సులభంగా మోస్తుంది. రెండవదాన్ని మోయాలంటే పక్కన 'నిబంధన' ఉండాలి. ఆ రెండో మాటను విడిచి కృపను మాత్రమే ప్రకటించినప్పుడు తెలుగు క్రైస్తవం తన యూదు మూలానికి దూరమవుతుంది.

నిబంధన, ఒడంబడిక, మరణశాసనం

బెరీత్‌కు తెలుగు 'నిబంధన' అనే మాట దాదాపు అంతటా వాడింది. అబ్రాహాము అబీమెలెకుతో, యాకోబు లాబానుతో చేసుకొన్న మానవ ఒప్పందాలకు కూడా అదే పదం. ఈ ఏకరూపత మేలు చేసింది. అయితే నేటి వాడుకలో నిబంధన అంటే నియమం, షరతు. కౌలు పత్రంలో ఉండేవీ, ఉద్యోగ ప్రకటనలో ఉండేవీ నిబంధనలే. బహువచనంలో వాడితే అందులో బంధం కన్నా ఆంక్షే ఎక్కువ వినిపిస్తుంది. 'పాత నిబంధన' అన్నప్పుడు పాత నియమావళి అన్న భావం తెలుగు మనస్సులో కలగడానికి ఈ అర్థపరిణామం కూడా ఒక కారణమై ఉండవచ్చు.

క్రొత్త నిబంధనలో దియథేకే మూడు వేషాల్లో కనిపిస్తుంది. సాధారణంగా నిబంధన. గలతీయులకు రాసిన పత్రిక 3:15లో మానవ వ్యవహారాన్ని ఉదాహరించే చోట 'ఒడంబడిక'. హెబ్రీయులకు రాసిన పత్రిక 9:16, 17 వచనాల్లో 'మరణశాసనము'. ఈ మూడో మాట వీలునామాకు చక్కని తెలుగు. మూలంలో ఒకే పదం మీద నడిచే శ్లేష తెలుగులో మూడు పదాలుగా చెదిరింది. దీని ఫలితం గలతీ పత్రికలో తెలుస్తుంది. స్థిరపడిన ఒడంబడికను ఎవరూ కొట్టివేయరు గనుక, అబ్రాహాము నిబంధనను 430 సంవత్సరాల తరువాత వచ్చిన ధర్మశాస్త్రం కొట్టివేయదన్నది అక్కడ పౌలు వాదం. 15వ వచనంలోని ఒడంబడికా, 17వ వచనంలోని నిబంధనా ఒకటే అని తెలిస్తే గాని వాదం బిగువు తెలియదు. పౌలు ఇక్కడ పాత నిబంధనను తోసివేయడం లేదు. అందులోని తొలి వాగ్దానం మీదే నిలబడి మాట్లాడుతున్నాడు.

'ధర్మశాస్త్రం' అనే మాట భారం

కృపకు ఎదురుపక్షంగా నిలిపే పదం 'ధర్మశాస్త్రం'. హీబ్రూ 'తోరా'కు బోధ, మార్గదర్శనం అని అర్థం. సామెతలు 1:8లో తల్లి చెప్పే తోరాను తెలుగు 'బోధ' అనే అంది. కాని మోషే తోరాకు గ్రీకు 'నొమోస్' వెంట నడిచి ధర్మశాస్త్రమంది. తెలుగులో ఆ పదానికి అప్పటికే స్థిరమైన అర్థం ఉంది. 13వ శతాబ్దిలో కేతన మితాక్షరను 'విజ్ఞానేశ్వరీయము'గా తెనిగించాడు. 1794లో విలియం జోన్స్ మనుస్మృతి ఆంగ్లానువాదం వెలువడ్డాక, కుంపిణీ న్యాయస్థానాల్లో ధర్మశాస్త్రం హిందువుల న్యాయసూత్రంగా చలామణి అయింది. బైబిలు అనువాదం రూపుదిద్దుకొన్నది సరిగ్గా ఆ కాలంలోనే.

అందుచేత 'ధర్మశాస్త్రానికి లోనైనవారు కారు, కృపకు లోనైనవారు' అన్న పౌలు బోధ తెలుగునాట రెండు అర్థాలు ధ్వనించింది. మాల, మాదిగ పల్లెల్లో క్రైస్తవం వ్యాపించినప్పుడు, తమను ఊరి వెలుపల నిలిపిన శాస్త్రం నుంచి విడుదలగా ఆ మాట వినిపించి ఉంటుందనుకోవడం అసంగతం కాదు. ఆ వినికిడిలో గొప్ప విమోచన శక్తి ఉంది. దాని నీడ మాత్రం యూదుల తోరా మీద పడింది. ఐగుప్తులో ఇటుకలు మోసిన దాసులకు విడుదల తరువాత దొరికిన బోధ, వర్ణవ్యవస్థను నిర్దేశించిన స్మృతులతో ఒకే పేరు పంచుకొంది. తోరా ఎవరికి ఇయ్యబడిందన్నది గుర్తు చేసుకొంటే, దళిత పాఠకునికి అది పరాయి గ్రంథం కాదు.

అత్తిలి చుట్టూ మూడు పఠనాలు

నిడదవోలు–భీమవరం రైలుమార్గంలో తణుకు దాటాక వచ్చే అత్తిలి, గోదావరి డెల్టా పడమటి భాగంలో మూడు మిషను కేంద్రాల నడుమ ఉంది. దిగువన నరసాపురం: ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో భారతదేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ అక్కడ బ్రదరెన్ సంప్రదాయపు గోదావరి డెల్టా మిషనుకు పునాది వేశారు. ఎగువన రాజమండ్రి: 1845లో వాలెట్‌తో మొదలైన లూథరన్ మిషను తరువాత అమెరికన్ లూథరన్‌ల చేతికి వచ్చింది; 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంలో అది భాగం. పడమట, కొల్లేటికి ఎగువన ఏలూరు: 1854 నుంచి చర్చి మిషనరీ సొసైటీ వారి కేంద్రం, ఆ సంఘాలు 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంలో చేరాయి. ఒక్కరోజు ప్రయాణంలో దాటగల ఈ పరిధిలో, ఒకే తెలుగు బైబిలు మీద, నిబంధన గురించి మూడు సిద్ధాంతాలు బోధనలో ఉన్నాయి.

లూథరన్ బోధ ధర్మశాస్త్రాన్ని, సువార్తను వేరుచేసి చూపుతుంది. ఒకటి పాపాన్ని తెలియజేస్తుంది, రెండవది క్షమాపణను ప్రకటిస్తుంది. లూథర్ ఈ విభజనను రెండు నిబంధన గ్రంథాల మధ్య గీతగా పెట్టలేదు. పాత నిబంధనలోనూ సువార్త ఉందన్నాడు. ప్రసంగాల స్థాయికి దిగేసరికి ఆ సూక్ష్మత నిలవడం కష్టం. ఆంగ్లికన్ సంప్రదాయం సంస్కరణవాద వేదాంతం నుంచి, కృపానిబంధన ఆదినుంచీ ఒక్కటే అన్న భావాన్ని కొంతవరకు అందుకొంది. శిశుబాప్తిస్మాన్ని సున్నతికి సాటిగా చెప్పే వాదం అక్కడిదే. బ్రదరెన్ సంఘాలు శిశుబాప్తిస్మాన్ని అంగీకరించవు. ఆ ఉద్యమంలో పుట్టి జాన్ నెల్సన్ డార్బీ రచనలద్వారా వ్యాపించిన యుగవిభాగ సిద్ధాంతం, ఇశ్రాయేలుకు ఇచ్చిన వాగ్దానాలు సంఘానికి బదిలీ కాలేదని, అవి ఇశ్రాయేలుకే నెరవేరవలసి ఉన్నాయని చెబుతుంది.

మూడింటిలోనూ యూదు మూలానికి కొంత న్యాయం, కొంత అన్యాయం జరిగింది. మొదటిది పాపి నిస్సహాయతను, కృప ఉచితత్వాన్ని నిలిపింది, తోరాను నేరారోపణకు కుదించే ప్రమాదం తెచ్చింది. రెండవది నిబంధన అవిచ్ఛిన్నతను నిలిపింది, ఆ నిబంధనకు వారసులు తామేనని చెప్పుకొనే వీలిచ్చి నేటి యూదులను కథలోంచి తప్పించింది. మూడవది యూదులను కథలో నిలిపింది, కృపాయుగం వేరన్న గీత గీసి రెంటినీ దూరం చేసింది. రోమీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయంలోని ఒలీవ చెట్టు దృష్టాంతం ఈ మూడింటినీ ప్రశ్నిస్తుంది: అంటుకట్టిన అడవి కొమ్మ వేరును మోయదు, వేరే కొమ్మను మోస్తుంది. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న యూదులతో సంబంధం గురించి వెలువరించిన ప్రకటన ఆధారపడినది ఈ అధ్యాయం మీదే.

కొత్తరెడ్డిపాలెం ప్రశ్న

తెలుగునాట ఈ చర్చ పుస్తకాలకే పరిమితం కాలేదు. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు సమీపాన ఉన్న కొత్తరెడ్డిపాలెంలో, మాదిగ సముదాయానికి చెంది ఒకప్పుడు క్రైస్తవులుగా ఉన్న కొన్ని కుటుంబాలు, షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే సోదరుల నాయకత్వంలో యూదు మతాచారాన్ని స్వీకరించాయి. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతి అని, యూదు మతం తమకు కొత్తది కాదని, తిరిగి వచ్చినదని వారి విశ్వాసం. 'బెనె ఎఫ్రాయిం' అన్న పేరు అందుకే. 1990ల తొలినాళ్ల నుంచి వారికి సమాజమందిరం ఉంది. విశ్రాంతిదినం, పస్కా పాటిస్తారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ప్రచురించిన గ్రంథం వీరిని కులం, మతం, గుర్తింపు కలిసే కూడలిలో అధ్యయనం చేసింది. మణిపూర్, మిజోరంల బెనె మెనషేలకు 2005లో ఇజ్రాయేలు మతాచార్యుల నుంచి దొరికిన గుర్తింపు వీరికి దక్కలేదు.

వంశచరిత్ర నిర్ణయం ఈ వ్యాస పరిధి కాదు. సాహిత్య పరిశోధనకు ముఖ్యమైనది వేరు. క్రైస్తవులుగా ఉన్న తరాల్లో వీరు విన్నదీ చదివినదీ పైన పరిశీలించిన తెలుగు బైబిలునే. ఆ గ్రంథంలో కృపా నిబంధనా ఇశ్రాయేలువే అన్న సంగతి దాచబడి లేదు. దాన్ని చదివినవారిలో అధికులు, తాము అంటుకట్టబడిన కొమ్మలమన్నారు. వీరు మాత్రం తాము వేరుకు చెందినవారమన్నారు. రెండు జవాబులూ ఒకే పాఠం నుంచి వచ్చాయి. నిబంధన అంటే కేవలం పాత నియమావళి అయితే, దానికోసం ఉన్న సంఘాన్ని విడిచి వెళ్లేవారెవరు? చెందడం అన్న అర్థం ఆ పదంలో ఇంకా బతికి ఉందనడానికి కొత్తరెడ్డిపాలెం ఒక సాక్ష్యం. ఊరు వెలివేసినవారికి ఒక వంశావళిలో చోటు ఎంత విలువైనదో కూడా అది చెబుతుంది.

ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. మొదటిది: హేన్, హెసెద్, ఖారిస్‌లకు ఒకే 'కృప'ను వాడటం, 'కృపాసత్యములు' అన్న సమాసాన్ని నిర్గమకాండంలోనూ యోహానులోనూ నిలపడం, ధర్మశాస్త్రం 'అనుగ్రహింపబడెను' అనడం — ఈ మూడు ఎంపికలవల్ల తెలుగు బైబిలు క్రైస్తవ కృపాబోధకు యూదు మూలాన్ని స్పష్టంగా చూపుతుంది. రెండవది: మానవ హెసెద్‌ను కృప నుంచి విడదీయడం, దియథేకేను మూడు పదాలుగా చెదరగొట్టడం, తోరాకు స్మృతుల పేరు పెట్టడం ఆ మూలాన్ని మరుగుపరచాయి. మూడవది: ధర్మశాస్త్రం పాతది, కృప కొత్తది అన్న ప్రసంగ విభజనకు కారణాలు సంప్రదాయాల వ్యాఖ్యానాల్లో, పదాల అర్థపరిణామంలో ఉన్నాయి, మూలపాఠంలో లేవు.

తెలుగు శాఖల్లో బైబిలు అనువాదాన్ని 'మిషనరీ తెలుగు' అన్న ఒక్క మాటతో పక్కన పెట్టే అలవాటు ఉంది. రెండు శతాబ్దాలుగా డెల్టా పల్లెల్లో ప్రతి ఆదివారం బిగ్గరగా చదువుతున్న గద్యం అది. దానిలోని పదాలు తమ పొరుగువారి గురించి, ఎన్నడూ చూడని యూదుల గురించి, తమ గురించి లక్షలమంది ఏమనుకోవాలో నిర్ణయించాయి. ఆ పదాలకు సమగ్రమైన చారిత్రక నిఘంటువు, హీబ్రూ, గ్రీకు మూలాలతోను, తెలుగు భక్తి, ధర్మ సాహిత్యాలతోను పోల్చి చూపేది, ఇప్పుడు అవసరం. 'కృప', 'నిబంధన' ఆ పనికి తగిన తొలి ఆరోపాలు.